నలభై రోజుల నిరీక్షణ నుంచి నాలుగు రంగుల పటం దాకా: ఐరోపా సరిహద్దుల్లో క్వారంటైన్ చరిత్ర

వ్యాససంగ్రహం

2020 - 2022 మధ్య కోవిడ్ మహమ్మారి కాలంలో ఐరోపా దేశాలు తమ మధ్య ఉన్న సరిహద్దులను మూసివేశాయి. ప్రయాణికులపై క్వారంటైన్ నిబంధనలు విధించాయి. వీటిని అపూర్వమైన చర్యలుగా చాలామంది భావించారు. అయితే ఈ చర్యల్లో వాడిన సాధనాలు మూడూ పాతవే. అవి గడువు, గీత, పత్రం. ఈ మూడింటి పుట్టుకను, 19వ శతాబ్దంలో వాటిపై జరిగిన అంతర్జాతీయ చర్చను, కోవిడ్ కాలంలో అవి తిరిగి వచ్చిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సరిహద్దు దగ్గర ఎవరిని ఆపాలి, ఎవరిని వదలాలి అనే నిర్ణయంలో వ్యాధి స్వభావంతోపాటు వాణిజ్యం, శ్రమ అవసరాలు ఏ మేరకు పనిచేశాయో వివరించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: క్వారంటైన్, ప్లేగు, కలరా, కోవిడ్, షెంగెన్ ఒప్పందం, సరిహద్దు, ఆరోగ్య ధ్రువపత్రం.

1. ఉపోద్ఘాతం

ఇటలీలోని గొరిత్సియా, స్లొవేనియాలోని నోవా గోరిత్స పక్కపక్కనే ఉన్న పట్టణాలు. రెండింటికీ ఉమ్మడిగా ఒక కూడలి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత గీసిన సరిహద్దు ఆ కూడలి మధ్యనుంచే పోతుంది. 2004లో స్లొవేనియా ఐరోపా సమాఖ్యలో చేరినప్పుడు అక్కడి కంచెను తొలగించారు. 2007 డిసెంబరులో ఆ దేశం షెంగెన్ ప్రాంతంలో భాగమయ్యాక తనిఖీలు కూడా లేకుండా పోయాయి. 2020 మార్చిలో అదే కూడలిలో మళ్లీ కంచె వెలిసింది. నిన్నటిదాకా కాఫీ తాగడానికి అవతలి దేశానికి నడిచి వెళ్లినవారు కంచెకు ఇరువైపులా నిలబడి మాట్లాడుకోవలసి వచ్చింది.

ఇటువంటి దృశ్యాలు ఖండమంతటా కనిపించాయి. జర్మనీలోని కాన్‌స్టాన్స్, స్విట్జర్లాండ్‌లోని క్రొయిట్స్‌లింగెన్ పట్టణాల మధ్య మొదట ఒక కంచె వేశారు. కంచె సందుల్లోంచి జనం చేతులు కలుపుకుంటున్నారని, మనిషికీ మనిషికీ దూరం ఉండేలా రెండో కంచె కూడా వేశారు. పోలండ్, చెక్ దేశాల మధ్య ఓల్జా నది చీల్చిన చెషిన్ పట్టణంలో, అవతలి ఒడ్డువారిని తలచుకుంటూ జనం నది గట్టున బ్యానర్లు కట్టారు.

సరిహద్దులు లేని ఐరోపా అనే భావన అంత త్వరగా ఎలా సడలిపోయింది? ఇది కొత్త భయానికి ప్రతిస్పందనా, పాత అలవాటుకు పునరావృత్తా? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకాలంటే ఆరున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి.

2. గడువు: రాగూసా నిర్ణయం

1377 జూలైలో ఆడ్రియాటిక్ తీరంలోని రాగూసా నగరపు మహామండలి ఒక శాసనం చేసింది. ఈ నగరాన్ని ఇప్పుడు దుబ్రోవ్నిక్ అంటారు. ప్లేగు ఉన్న ప్రదేశాలనుంచి వచ్చేవారెవరూ నెల రోజులు మిర్కాన్ అనే చిన్న దీవిలోగాని, సమీపంలోని సావ్‌తాత్ పట్టణంలోగాని గడపకుండా నగరంలోకి రాకూడదన్నది దాని సారాంశం. తరువాతి కాలంలో ఇతర రేవుల్లో ఈ గడువు 40 రోజులుగా స్థిరపడింది. ఇటాలియన్‌లో నలభైని సూచించే మాటనుంచే క్వారంటైన్ అనే పదం పుట్టింది. నలభై అనే సంఖ్యను ఎంచుకోవడానికి క్రైస్తవ సంప్రదాయంలోని 40 రోజుల ఉపవాస దీక్షను, తీవ్రవ్యాధుల గడువుపై ప్రాచీన గ్రీకు వైద్యుల అభిప్రాయాలను చరిత్రకారులు కారణాలుగా చెబుతారు. వ్యాధికారక క్రిమి గురించి ఎవరికీ తెలియని కాలమది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రాగూసా తన ద్వారాలు మూసుకోలేదు. ఆ నగరం బతికేదే వ్యాపారం మీద. బాల్కన్ గనుల లోహాలు, తూర్పుదేశాల సరుకులు దాని రేవు గుండానే పడమటికి చేరేవి. ద్వారాలు మూస్తే ఆకలి, తెరిస్తే మరణం అనే ఇరకాటంలో ఆ నగరపెద్దలు మధ్యేమార్గంగా కనిపెట్టినదే గడువు. కాబట్టి క్వారంటైన్‌ను ప్రయాణ నిషేధంగా కాక, ప్రయాణాన్ని నిలబెట్టుకోవడానికి చెల్లించిన కాలపు సుంకంగా అర్థం చేసుకోవడం సమంజసం. 1423లో వెనిస్ ఒక దీవిలో రోగులకోసం శాశ్వత వైద్యాలయాన్ని, 1468లో మరొక దీవిలో అనుమానిత నౌకల జనానికీ సరుకుకూ విడిదిని ఏర్పాటు చేసింది. లజారెట్టోలని పిలిచే ఈ విడుదులు క్రమంగా మధ్యధరా సముద్రతీరమంతటా వ్యాపించాయి.

3. గీత: గోడలూ సైనిక పహరాలూ

ఓడరేవుల్లో గడువు పనిచేసినంత సులువుగా నేలమీద పనిచేయదు. నేలమీద గీత గీయాలి, గీతకు కాపలా పెట్టాలి. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ ప్రాంతంలో కనిపిస్తుంది. 1720 మే 25న సిరియా తీరంనుంచి గ్రాన్ సెంతాంత్వాన్ అనే నౌక మార్సేయి రేవుకు చేరింది. దారిలోనే నౌకలో పలువురు మరణించారు. అయినా అందులోని విలువైన వస్త్రాలు బోకేర్ సంతకు సకాలంలో అందాలి. నగరపాలకుల్లో ఒకరికి ఆ సరుకులో వాటా ఉంది. నిబంధనలు సడలాయి. ఆ తరువాత రెండేళ్లలో మార్సేయి తన జనాభాలో దాదాపు సగాన్ని కోల్పోయింది. ప్రొవాన్స్ మొత్తం మీద లక్ష మందికి పైగా మరణించారు.

పొరుగున పోప్ అధీనంలో ఉన్న కొంతా వెనెసాన్ ప్రాంతం తనను కాపాడుకోవడానికి 1721లో సుమారు 27 కిలోమీటర్ల పొడవున రాతిగోడ కట్టింది. సున్నం వాడకుండా రాయిమీద రాయి పేర్చిన ఈ గోడ శిథిలాలు నేటికీ ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో ప్లేగు గోడను దాటి ఆవిన్యోనుకు చేరింది. అప్పుడు ఫ్రెంచి సైనికులు అదే గోడకు అవతలివైపునుంచి కాపలా కాశారు. పొరుగువారిని ఆపడానికి కట్టిన గోడ కట్టినవారినే ఆపింది. సరిహద్దు ఆరోగ్యనియమాలకు ఇరువైపులా పదును ఉంటుందని చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అరుదు.

హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం ఉస్మానీయ సామ్రాజ్యంతో తనకున్న సరిహద్దు పొడవునా ఇదే పని భారీ ఎత్తున చేసింది. అక్కడి సైనిక సరిహద్దు మండలం 18వ శతాబ్దంలో ఆరోగ్య కవచంగా కూడా మారింది. 1770 నాటి నిబంధనల ప్రకారం ప్లేగు లేని కాలంలో 21 రోజులు, అనుమానం ఉన్నప్పుడు 42 రోజులు, వ్యాధి ఉందని తేలినప్పుడు 84 రోజులు ప్రయాణికులు సరిహద్దు విడిదిలో గడపాలి. బెల్‌గ్రేడ్ నగరానికి ఎదురుగా ఉన్న జెమున్ అటువంటి విడిదే. ఉత్తరాలకు చిల్లులు పెట్టి పొగ వేసేవారు. 18వ శతాబ్దం తరువాత మధ్య ఐరోపాలో ప్లేగు కనిపించకపోవడానికి ఈ కవచం ఎంతవరకు కారణమన్నది వివాదాస్పదమే అయినా, దాని పాత్రను పూర్తిగా తోసిపుచ్చినవారు తక్కువ.

4. పత్రం: నమ్మకానికి రుజువు

మూడో సాధనం కాగితం. ఇటలీ నగరరాజ్యాల ఆరోగ్యమండళ్లు ప్రయాణికుడు బయలుదేరిన ఊరు వ్యాధిరహితమని ధ్రువీకరించే పత్రాలు ఇచ్చేవి. నౌకలకు కూడా ఇటువంటి పత్రాలే ఉండేవి. పత్రం ఉన్నవాడికి ద్వారం తెరుచుకుంటుంది, లేనివాడు బయటే ఉంటాడు. అయితే పత్రం విలువ దాన్ని ఇచ్చిన అధికారి నిజాయితీమీద ఆధారపడుతుంది. తమ ఊళ్లో వ్యాధి ఉందని ఒప్పుకుంటే వ్యాపారం ఆగిపోతుంది. దాచిపెడితే కొన్నాళ్లు సాగుతుంది. అందువల్ల నిజం చెప్పిన నగరానికి శిక్ష, దాచిన నగరానికి లాభం అనే విపరీత స్థితి ఏర్పడింది.

దీన్ని సరిదిద్దడానికి జరిగిన ప్రయత్నాన్ని కార్లో చిపొల్లా అనే చరిత్రకారుడు వివరించాడు. 1652లో జెనోవా, ఫ్లారెన్స్ ప్రభుత్వాలు రేవుల్లో ఒకే తరహా నియమాలు పాటించాలని అంగీకరించాయి. కొద్దికాలానికే, 1656లో నేపుల్స్‌లో, ఆపై జెనోవాలో ప్లేగు విజృంభించడంతో ఆ ప్రయత్నం నిలవలేదు. ప్రశాంతకాలంలో కుదిరిన సహకారం ఆపత్కాలంలో నిలుస్తుందా అన్న ప్రశ్న ఐరోపా చరిత్రలో ఇక్కడినుంచే మొదలవుతుంది.

5. కలరా కాలపు చర్చ

1831లో కలరా రష్యా, పోలండ్‌ల మీదుగా పడమటికి వచ్చింది. ప్రష్యా తన తూర్పు సరిహద్దులో ఆరోగ్య పహరా పెట్టింది. సరిహద్దు సైన్యానికి నాయకత్వం వహించిన సేనాధిపతి గ్నైజెనావ్ ఆ ఆగస్టులో కలరాతోనే మరణించాడు. ఆయన సహాయకుడు, యుద్ధశాస్త్ర రచయిత క్లాజెవిట్స్ నవంబరులో అదే దారిన వెళ్లాడు. నిబంధనలకు వ్యతిరేకంగా క్యోనిగ్స్‌బర్గ్‌లో అల్లర్లు జరిగాయి. వ్యాధి పహరాను లెక్కచేయకుండా బెర్లిన్ చేరింది. ఆ తరువాత ప్రష్యా తన కఠిన నియమాలను సడలించుకుంది.

నియమాల ఎంపిక వెనుక ఉన్న కారణాలపై చరిత్రకారుల్లో ఏకాభిప్రాయం లేదు. నిరంకుశ రాజ్యాలు క్వారంటైన్ వైపు, ఉదారవాద రాజ్యాలు పారిశుద్ధ్యం వైపు మొగ్గాయని 1948లో ఎర్విన్ ఆకర్‌క్నెక్ట్ ప్రతిపాదించాడు. 1999లో పీటర్ బాల్డ్‌విన్ దీన్ని సవాలు చేశాడు. దేశం వ్యాధిమార్గంలో ఎక్కడ ఉంది, దానికి ముందుగా వార్త అందిందా, పొరుగువారి అనుభవంనుంచి నేర్చుకునే వ్యవధి దొరికిందా అనే భౌగోళిక కారణాలకు ఆయన ప్రాధాన్యమిచ్చాడు.

1851 జూలైలో పారిస్‌లో మొదటి అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం జరిగింది. 12 రాజ్యాలు ఒక్కో వైద్యుణ్ణి, ఒక్కో దౌత్యవేత్తను పంపాయి. ఆరు నెలలు చర్చించినా ఫలితం నామమాత్రమే. కలరా అంటుకుంటుందా లేదా అన్నదానిపైనే వైద్యులు ఏకీభవించలేదు. నౌకావాణిజ్యం మీద ఆధారపడిన బ్రిటన్ క్వారంటైన్‌ను తగ్గించాలని కోరింది. మధ్యధరా రాజ్యాలు కొనసాగించాలని పట్టుబట్టాయి. 1866లో కాన్‌స్టాంటినోపుల్ సమావేశం గంగా పరీవాహక ప్రాంతాన్ని కలరా పుట్టిల్లుగా గుర్తించి, హజ్ యాత్రికుల రాకపోకలపై దృష్టి పెట్టింది. అమలుకు నోచుకున్న ఒప్పందం 1892లో వెనిస్‌లో గాని కుదరలేదు. అది సూయెజ్ కాలువ దాటే నౌకల గురించినది. 1896లో బొంబాయిలో ప్లేగు తలెత్తాక 1897లో మళ్లీ వెనిస్‌లోనే ప్లేగుపై ఒప్పందం జరిగింది. ఐరోపా రాజ్యాలు తమలో తాము ఏకీభవించలేనప్పుడు కూడా తూర్పునుంచి వచ్చేవారి విషయంలో ఏకీభవించగలిగాయన్న సంగతి ఇందువల్ల తేలుతుంది.

6. షెంగెన్: మరచిపోయిన ప్రశ్న

1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ గ్రామం వద్ద, మోజెల్ నదిలో లంగరు వేసిన నౌకపై అయిదు దేశాలు పరస్పర తనిఖీలను క్రమంగా రద్దు చేసుకునే ఒప్పందంపై సంతకాలు చేశాయి. 1995 మార్చి 26న అది అమలులోకి వచ్చింది. అంతర్గత సరిహద్దుల్లో తాత్కాలికంగా తనిఖీలు పునరుద్ధరించుకోవడానికి ఈ వ్యవస్థ అవకాశం ఇచ్చింది. అందుకు చెప్పిన కారణాలు ప్రజాశాంతికి, అంతర్గత భద్రతకు ముప్పు మాత్రమే. మహమ్మారి పేరు అందులో లేదు. మరోవైపు ప్రజారోగ్యం ప్రధానంగా సభ్యదేశాల అధికార పరిధిలోనే ఉండిపోయింది. సరిహద్దు ఉమ్మడి, ఆరోగ్యం ఎవరిది వారిదే అనే ఈ పొంతన లేమి 2020లో బయటపడింది.

ఆ ఏడాది జనవరి 30న ప్రపంచ ఆరోగ్యసంస్థ అంతర్జాతీయ అత్యవసర స్థితిని ప్రకటిస్తూ, ప్రయాణ, వాణిజ్య ఆంక్షలను తాను సిఫారసు చేయడం లేదని తెలిపింది. మార్చిలో ఆ మాట ఎవరికీ పట్టలేదు. ఇటలీ దేశవ్యాప్తంగా స్తంభించగానే ఆస్ట్రియా, స్లొవేనియాలు ఇటలీవైపు తనిఖీలు మొదలుపెట్టాయి. మార్చి 14న డెన్మార్క్, 15న పోలండ్ తమ సరిహద్దులు మూశాయి. 16న జర్మనీ అయిదు పొరుగుదేశాలతో తనిఖీలు ప్రారంభించింది. 17న సమాఖ్య నాయకులు బయటిదేశాలనుంచి అనవసర ప్రయాణాలను 30 రోజులపాటు నిలిపివేయడానికి అంగీకరించారు. ఉమ్మడి నిర్ణయం బయటివారి విషయంలోనే మొదట సాధ్యపడింది. 19వ శతాబ్దపు అనుభవమే ఇక్కడా పునరావృతమైంది.

7. సరుకుకు దారి, మనిషికి గడువు

పాత క్వారంటైన్‌కూ కొత్తదానికీ మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ప్లేగు కాలంలో మనిషికన్న సరుకునే ఎక్కువగా అనుమానించేవారు. నూలు, ఉన్ని, తోలు, వస్త్రాలను విప్పి వారాల తరబడి గాలికి ఆరబెట్టేవారు. 2020లో ఈ క్రమం తలకిందులైంది. మార్చి మధ్యలో జర్మనీ, పోలండ్ సరిహద్దులో లారీలు పదుల కిలోమీటర్ల మేర నిలిచిపోయాయి. మార్చి 23న ఐరోపా కమిషన్ హరితమార్గాలను ప్రతిపాదించింది. సరుకు రవాణా వాహనం సరిహద్దు దాటడానికి 15 నిమిషాలకు మించి పట్టకూడదన్నది దాని లక్ష్యం. సరుకుకు 15 నిమిషాలు, మనిషికి 14 రోజులు అన్నది నూతన నియమమైంది.

మనుషులందరూ కూడా సమానంగా ఆగలేదు. లక్సెంబర్గ్‌లో పనిచేసేవారిలో సుమారు 2 లక్షల మంది రోజూ ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీలనుంచి వచ్చిపోయేవారే. వారిలో ఆసుపత్రి సిబ్బంది ఎందరో ఉన్నారు. వారిని ఆపితే రోగులకు దిక్కులేదు. జర్మనీలో తెల్ల ఆస్పరాగస్ కోతకాలం సమీపించినప్పుడు ఏప్రిల్, మే నెలల్లో నెలకు 40,000 మంది చొప్పున కాలానుగుణ కూలీలను విమానాల్లో రప్పించుకోవడానికి ఆ ప్రభుత్వం అనుమతించింది. ఏప్రిల్‌లో రొమేనియాలోని క్లుజ్ విమానాశ్రయం వద్ద ఇటువంటి కూలీలు దూరం పాటించే వీలులేకుండా కిక్కిరిసి నిలబడ్డారు. బంధువును చూడడానికి వంతెన దాటలేని కాలంలో, కోత కోయడానికి ఖండం దాటవచ్చు. 1720లో మార్సేయి పాలకులు సరుకుకోసం నియమాన్ని సడలించినట్లే 2020లో శ్రమకోసం నియమాలు సడలాయి. అయితే నాటి సడలింపు చాటుగా జరిగింది. నేటిది మినహాయింపుల జాబితాగా బహిరంగంగా అచ్చయింది. ఇది గుర్తించదగిన మార్పు.

8. నాలుగు రంగుల పటం

2020 వేసవిలో ఎవరి లెక్క వారిదైంది. మే 15న మూడు బాల్టిక్ దేశాలు తమ మధ్య స్వేచ్ఛగా తిరిగే ఏర్పాటు చేసుకున్నాయి. జూన్‌లో డెన్మార్క్, నార్వే పరస్పరం తలుపులు తెరిచి స్వీడన్‌ను బయట ఉంచాయి. సమాఖ్యను వీడిన బ్రిటన్ జూలై 10న కొన్ని దేశాలకు క్వారంటైన్ మినహాయించి, 26న స్పెయిన్‌ను కొద్ది గంటల వ్యవధిలో జాబితానుంచి తొలగించింది. సెలవులకు వెళ్లినవారిలో బ్రిటన్ రవాణామంత్రి కూడా ఉన్నాడు.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికి అక్టోబరు 13న సమాఖ్య మండలి ఒక సిఫారసు ఆమోదించింది. 14 రోజుల్లో లక్ష జనాభాకు నమోదైన కేసులు, పరీక్షల్లో వ్యాధి నిర్ధారణ అయిన శాతం ఆధారంగా ప్రాంతాలను ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగులతో సూచించాలి; సమాచారం చాలని ప్రాంతాలకు బూడిద రంగు. కొలమానం ఉమ్మడిదే గాని, ఎర్రప్రాంతంనుంచి వచ్చినవారిని ఏం చేయాలన్నది ఆయా దేశాల ఇష్టం. 1851లో వైద్యులు వ్యాధి స్వభావంపైనే తగవులాడారు. 2020లో వ్యాధి గురించి పెద్ద తగవు లేదు. అయినా పరస్పర విశ్వాసం కుదరలేదు. కాబట్టి అసలు చిక్కు విజ్ఞానలోపంలోకన్న అధికార విభజనలో ఉందని భావించవచ్చు.

2021 జూలై 1నుంచి అమలైన డిజిటల్ కోవిడ్ ధ్రువపత్రం పాత ఆరోగ్యపత్రానికి వారసురాలే. టీకా, పరీక్ష, కోలుకున్న చరిత్ర - వీటిలో ఏదో ఒకదానికి అది రుజువు. పాత పత్రం ఊరి ఆరోగ్యాన్ని చెప్పేది; కొత్తది వ్యక్తి ఆరోగ్యాన్ని చెప్పింది. 2022 ఫిబ్రవరినుంచి ప్రాంతాన్ని కాక వ్యక్తి స్థితినే ప్రధానంగా చూడాలని మండలి సిఫారసు చేసింది.

ఈ మార్పు తెలుగువారినీ తాకింది. భారతదేశంలో వేసిన కోవిషీల్డ్ టీకాకు ఐరోపా ఔషధసంస్థ ఆమోదం లేనందున, దాన్ని గుర్తించాలా వద్దా అన్నది 2021 వేసవిలో ఒక్కో దేశం విడిగా నిర్ణయించుకుంది. బ్రిటన్ భారతీయ ధ్రువపత్రాన్ని అంగీకరించక, టీకా వేసుకున్నవారికీ 10 రోజుల క్వారంటైన్ విధించింది. అక్టోబరు 4నుంచి భారత్ కూడా బ్రిటన్ ప్రయాణికులపై అదే నియమం పెట్టింది. వారం తిరగకుండా బ్రిటన్ మెత్తబడింది. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమోదం నవంబరు 3న లభించింది. అప్పటిదాకా ఆ టీకా వేసుకున్న విద్యార్థి శరీరంలో రక్షణ ఉన్నా, చేతిలోని పత్రానికి చాలా సరిహద్దుల్లో విలువ లేదు. పత్రం చెప్పేది ఆరోగ్యాన్ని మాత్రమే కాదు, దాన్ని ఇచ్చినవారిపై ఉన్న నమ్మకాన్ని కూడా అన్న 17వ శతాబ్దపు పాఠం ఇక్కడ మళ్లీ రుజువైంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు. మొదటిది, కోవిడ్ కాలపు చర్యలు అపూర్వమైనవి కావు; గడువు, గీత, పత్రం అనే మూడు పాత సాధనాల కొత్త కూర్పు. రెండోది, సరిహద్దు నియమాలు ఏ కాలంలోనూ వ్యాధిని మాత్రమే చూడలేదు. ఏ సరుకు ఆగితే నష్టం, ఎవరి శ్రమ లేకపోతే గడవదు అన్న లెక్క వాటిలో ఎప్పుడూ ఉంది. మూడోది, వ్యాధి అప్పటికే లోపలికి వచ్చాక గీసిన గీత ఎక్కువగా ఆపినది పొరుగువారి రాకపోకలనే. కొంతా వెనెసాన్ గోడ చరిత్ర, ప్రష్యా పహరా చరిత్ర ఈ మాటే చెబుతున్నాయి. అయితే వ్యాధి చేరకముందే పకడ్బందీగా అమలైన నియమాలు కొంత వ్యవధిని సంపాదించి పెట్టగలవని కూడా అంగీకరించాలి.

2023 డిసెంబరు 5న ఐరోపా న్యాయస్థానం బెల్జియం విధించిన ప్రయాణ నిషేధంపై తీర్పు చెప్పింది. నియమాలు స్పష్టంగా, వివక్ష లేకుండా, అవసరానికి తగినంత మేరకే ఉంటే మహమ్మారి కాలంలో అటువంటి నిషేధం చట్టబద్ధమేనని తేల్చింది. 2024లో సవరించిన షెంగెన్ నియమావళి విస్తృత ప్రజారోగ్య అత్యవసర స్థితిని తనిఖీల పునరుద్ధరణకు కారణంగా చేర్చింది. 1985లో మరచిన ప్రశ్న ఆ విధంగా చట్టంలోకి ఎక్కింది. అయితే చట్టం తలుపు ఎప్పుడు మూయవచ్చో చెప్పింది గాని, తలుపు వేసినప్పుడు అవతల మిగిలిపోయేవారి బాధ్యత ఎవరిదో చెప్పలేదు. రాగూసా శాసనం మిర్కాన్ దీవిని చూపించి అక్కడ ఉండమన్నది. ఆ దీవిలో నెలరోజులు గడిపినవారు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అన్నవాటిని శాసనంతో సమానంగా అధ్యయనం చేసినప్పుడే క్వారంటైన్ చరిత్ర సమగ్రమవుతుంది.